టిగ్రనోకెర్టా యుద్ధాన్ని ఇంట్లో టేబుల్ మీద ఆడటం ఎలా

క్రీ.పూ. 69లో రోమన్లకూ ఆర్మేనియన్లకూ జరిగిన ఈ యుద్ధాన్ని బొమ్మ సైనికులతో మొదటిసారి ఆడినప్పుడు నాకు ఏడుపొక్కటే తక్కువ. నెల రోజులు కూర్చుని పెయింట్ చేసుకున్న రోమన్ సైన్యం నలభై నిమిషాల్లో తుడిచిపెట్టుకుపోయింది. ఆర్మేనియా వైపు కూర్చున్న స్నేహితుడు పెద్ద ఎత్తులేమీ వేయలేదు. తన గుర్రాలన్నిటినీ ఒక్కసారిగా ముందుకు తోశాడు, అంతే. చరిత్రలో జరిగినదానికి ఇది పూర్తిగా తలకిందులు.

తప్పు పాచికలది కాదు, నేను రాసుకున్న రూల్స్‌ది. ఎవరికి ఎంతమంది, ఏ ఆయుధం, ఏ కవచం అన్నీ లెక్కేశాను. ఆ రోజు ఆర్మేనియా సైన్యం ఇంకా సర్దుకోనే లేదన్న సంగతి మాత్రం వదిలేశాను. దాన్ని ఆటలోకి తెచ్చాక ప్రతిసారీ చివరి దాకా టెన్షనే. ఆ పద్ధతే ఇక్కడ మొత్తం చెబుతున్నాను. ఇంతకుముందు వార్‌గేమ్ ఆడి ఉండకపోయినా ఫరవాలేదు. 120 సెం.మీ. పొడవు, 90 సెం.మీ. వెడల్పు ఉన్న టేబుల్, నాలుగు పాచికలు, ఒక కొలత టేపు, నలభై చొక్కా గుండీలు ఉంటే చాలు. గుండీలు ఎందుకో తర్వాత తెలుస్తుంది.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చూడండి

కథ తెలియకుండా బొమ్మలు పేర్చితే చదరంగం లాగే ఉంటుంది. నల్ల సముద్రం ఒడ్డున ఉన్న పాంటస్ రాజ్యానికి రాజైన ఆరవ మిత్రిడేట్స్ రోమన్ల చేతిలో ఓడి, తన అల్లుడైన ఆర్మేనియా రాజు టిగ్రానెస్ దగ్గర తలదాచుకున్నాడు. మామను అప్పగించమని రోమన్లు అడిగారు. అల్లుడు కుదరదన్నాడు. దాంతో రోమన్ సేనాని లుకుల్లస్ ఆర్మేనియా మీదికి వచ్చి, టిగ్రానెస్ తన పేరు మీద కొత్తగా కట్టించుకున్న టిగ్రనోకెర్టా నగరాన్ని ముట్టడించాడు. ఆ నగరం ఈనాటి టర్కీ ఆగ్నేయ భాగంలో ఉండేది.

నగరాన్ని విడిపించడానికి టిగ్రానెస్ మహా సైన్యంతో దిగాడు. లుకుల్లస్ 6,000 మందిని మురేనా అనే అధికారి కింద ముట్టడి దగ్గరే ఉంచి, 24 కోహోర్ట్‌లతో (కోహోర్ట్ అంటే కొన్ని వందలమంది ఉండే రోమన్ దళం), అంటే పదివేలకు మించని బరువు పదాతులతో, ఎదురు వెళ్లాడు. వాళ్లను చూసి టిగ్రానెస్ వేసిన జోకు రెండువేల ఏళ్లుగా నలుగుతూనే ఉంది: రాయబారులుగా వచ్చారనుకుంటే మరీ ఎక్కువమంది, సైనికులుగా వచ్చారనుకుంటే మరీ తక్కువమంది.

తేదీ క్రీ.పూ. 69, అక్టోబర్ 6. రోమన్లకు అది దుర్దినం. క్రీ.పూ. 105లో అదే రోజున కింబ్రీ జాతివాళ్ల చేతిలో కేపియో అనే రోమన్ సేనాని సైన్యం నాశనమైంది. ఈరోజు వద్దని అధికారులు వారిస్తే, దీన్ని నేను రోమన్లకు మంచి రోజుగా మారుస్తానన్నాడట లుకుల్లస్. ముహూర్తాల పట్టింపు మనకే ఉందనుకుంటాం గానీ, వాళ్లూ తక్కువ తినలేదు.

రెండు సైన్యాల మధ్య నది ఉంది. ఆర్మేనియన్లు తూర్పున ఉన్నారు. సులువుగా దాటగలిగే రేవు నది పడమటికి తిరిగే చోట ఉండటంతో లుకుల్లస్ అటు వేగంగా నడిచాడు. టిగ్రానెస్‌కు అది పారిపోతున్నట్టు కనిపించింది. పక్కనే ఉన్న టాక్సిలెస్ అనే మిత్రిడేట్స్ సేనాని మాత్రం, ఉత్త ప్రయాణమైతే వీళ్లు మెరిసే కవచాలు వేసుకోరు, డాళ్ల మీది తొడుగులు తీయరు అని హెచ్చరించాడు. అతను చెబుతుండగానే రోమన్ల గద్ద ధ్వజం నది వైపు తిరిగింది. అప్పుడు గానీ టిగ్రానెస్ సైన్యం హడావుడిగా బారులు తీరడం మొదలుపెట్టలేదు.

వాళ్ల కుడి దళం ముందు కాటాఫ్రాక్ట్‌లు ఎక్కువగా ఉన్నారు. కాటాఫ్రాక్ట్ అంటే మనిషికీ గుర్రానికీ కవచం తొడిగి, పొడవాటి బల్లెం పట్టుకున్న రౌతు. వాళ్లు ఒక గుట్ట కింద నిలబడ్డారు. లుకుల్లస్ రెండు కోహోర్ట్‌లతో ఆ గుట్టెక్కాడు. ఈటెలు విసరొద్దు, దగ్గరకెళ్లి కవచం లేని పిక్కల మీద, తొడల మీద కత్తితో కొట్టండి అన్నాడు. అంత అవసరం రాలేదు. కాటాఫ్రాక్ట్‌లు వెనక్కి తిరిగి సొంత పదాతుల మీదే పడ్డారు. అక్కడి నుంచి అంతా తొక్కిసలాటే.

ఎంతమందిని పెట్టాలి?

ఇక్కడే అందరూ బోల్తా పడతారు. ఈ యుద్ధం గురించి రాసిన ప్రాచీన గ్రీకు రచయితలు ముగ్గురివి మూడు లెక్కలు. ప్లూటార్క్ లెక్కలో ఆర్మేనియా రౌతులే 55,000, అందులో కవచధారులు 17,000. వాళ్లకు తోడు 1,50,000 మంది పదాతులు, 20,000 మంది విలుకాళ్లు, వడిసెల విసిరేవాళ్లు. అప్పియన్ 2,50,000 మంది పదాతులు, 50,000 గుర్రాలు అంటాడు. ఫ్లెగాన్ 40,000 పదాతులు, 30,000 గుర్రాలతో సరిపెట్టాడు. రోమన్ల వైపు చచ్చిపోయింది ఐదుగురే, గాయపడింది వందమంది అని కూడా ప్లూటార్కే రాశాడు. గెలిచినవాడు ఇంటికి రాసే ఉత్తరంలో శత్రువు ఎప్పుడూ లావుగానే ఉంటాడు. నేను ఫ్లెగాన్ లెక్కే తీసుకుంటాను. అది పూర్తిగా నిజమని కాదు, టేబుల్ మీద పట్టేది అదొక్కటే.

బొమ్మలు అతికించే చిన్న అట్టముక్కను బేస్ అంటారు. రోమన్ బేస్ ఒకటి రెండు కోహోర్ట్‌లతో సమానం. ఆర్మేనియా బేస్ ఒకటి రెండువేల మందితో సమానం. ఇద్దరికీ ఒకే కొలత వాడకపోవడం మోసం కాదు. కిక్కిరిసిన జనం ఎక్కువమంది ఉన్నా పోరాడేది ముందు వరుసే.

రోమన్లు: లీజియన్ బేస్‌లు 12 (లీజియన్ అంటే కోహోర్ట్‌లు కలిసిన రోమన్ పెద్ద దళం), గుర్రాలు 3 (థ్రేస్, గలేషియా రౌతులు), విలుకాళ్లు-వడిసెలవాళ్లు కలిపి 1. మొత్తం 16.

ఆర్మేనియన్లు: కాటాఫ్రాక్ట్‌లు 5, గుర్రం మీది విలుకాళ్లు 10, ఈటెల పదాతులు 15, నేల మీది విలుకాళ్లు 5. మొత్తం 35. వీటికి తోడు సామాన్ల బళ్లు, కంచరగాడిదలతో 3 బేస్‌లు. అవి పోరాడవు గానీ వాటితోనే అసలు గొడవ.

సేనానులకు నాలుగు విడి బొమ్మలు: లుకుల్లస్, టిగ్రానెస్, ఎడమ దళం నడిపిన అడియాబీన్ రాజు, కుడి దళం నడిపిన మీడియా రాజు.

బొమ్మలు, బేస్‌లు

15 మి.మీ. సైజు లోహపు బొమ్మలు ఈ యుద్ధానికి బాగా నప్పుతాయి. పదాతుల బేస్ మీద నలుగురు, కాటాఫ్రాక్ట్‌ల బేస్ మీద నాలుగు గుర్రాలు, గుర్రపు విలుకాళ్లయితే రెండు, రోమన్ రౌతులైతే మూడు, నేల మీది ఆర్మేనియా విలుకాళ్లయితే ముగ్గురు, రోమన్ వడిసెల బేస్ మీద ఇద్దరు. లెక్కేస్తే సేనానులు, సామాన్లు కాక 174 బొమ్మలు. అన్నీ ఒకేసారి కొనకండి. ముందు అట్టముక్కల మీద పేర్లు రాసి రెండు ఆటలు ఆడండి. నచ్చితే కొనండి. బేస్ వెడల్పు మాత్రం అందరికీ ఒకటే ఉండాలి: 40 మి.మీ. లోతు పదాతులకు 20, గుర్రాలకు 30 మి.మీ. ఇంకాస్త పెద్దవైన 1/72 సైజు ప్లాస్టిక్ బొమ్మలైతే బేస్ వెడల్పు 60 మి.మీ. చేసి, కింద చెప్పే దూరాలన్నీ ఒకటిన్నర రెట్లు పెంచండి. టేబుల్ కూడా అంతే పెరగాలి మరి.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. సినిమాల్లో కనిపించే పట్టీల కవచం, నలుచదరపు డాలు ఉన్న రోమన్ బొమ్మలు ఈ కాలానివి కావు. క్రీ.పూ. 69 నాటి లీజియన్ సైనికుడిది ఇనుప వలయాల చొక్కా, కోడిగుడ్డు ఆకారపు పొడవాటి డాలు. దుకాణంలో వీళ్లను రిపబ్లిక్ కాలపు రోమన్లు అని అడగాలి. ఈ సంగతి తెలియక నేను కొన్న మొదటి పెట్టె మొత్తం చక్రవర్తుల కాలానిది. అది ఇప్పటికీ అటక మీదే ఉంది.

పెయింట్ గురించి ఎక్కువ చెప్పను. కాటాఫ్రాక్ట్‌లకు ముందు నలుపు వేసి, ఆరాక, బ్రష్‌కున్న వెండి రంగును దాదాపు అంతా పాత గుడ్డకు తుడిచేసి, మిగిలినదాన్ని కవచం మీద పైపైన రుద్దండి. పొలుసులు వాటంతటవే లేచి కనిపిస్తాయి. గంటలో ఇరవై గుర్రాలు అయిపోతాయి. టిగ్రానెస్ బొమ్మకు మాత్రం టైమ్ కేటాయించండి. అతని నాణేల మీద తలకు ఎత్తైన కిరీటం, దాని మీద నక్షత్రం, నక్షత్రానికి రెండు పక్కలా రెండు గద్దలు కనిపిస్తాయి. 15 మి.మీ. బొమ్మ మీద గద్దలు గీయడం నా వల్ల కాలేదు. పసుపు చుక్క పెట్టి నక్షత్రం అన్నాను. బేస్ మీద ఫెవికోల్ పూసి, జల్లించిన ఇసుక చల్లి, మట్టిరంగు వేస్తే సరిపోతుంది. వాడేసి ఎండబెట్టిన టీ పొడి కూడా చక్కటి నేలలా ఉంటుంది.

టేబుల్ మీద నేల

పొడవైన అంచుల్లో ఒకటి రోమన్లది, ఎదుటిది ఆర్మేనియన్లది. రోమన్ అంచు నుంచి 15 సెం.మీ. దూరంలో, 5 సెం.మీ. వెడల్పున నది గీయండి. నీలం గుడ్డ పరిచినా చాలు. ఎక్కడైనా దాటొచ్చు గానీ నీళ్లలో నడక సగమే.

గుట్ట ముఖ్యం. ఆర్మేనియన్ల కుడిచేతి వైపున్న పొట్టి అంచుకు ఆనించి, రోమన్ అంచు నుంచి 40 సెం.మీ. దగ్గర మొదలై 65 సెం.మీ. దగ్గర అయిపోయేలా పెట్టండి. టేబుల్ లోపలికి 20 సెం.మీ. రావాలి. ప్లూటార్క్ చెప్పిన గుట్ట నిటారుగా ఉండదు. పైన చదునుగా, విశాలంగా, ఎక్కడానికి వీలుగా ఉంటుంది. థర్మాకోల్ షీట్లు రెండు ఒకదాని మీద ఒకటి అతికించి, అంచులు వాలుగా కోస్తే సరి. దాని మీద స్ప్రే పెయింట్ కొట్టకండి. నేను కొట్టాను. నా కళ్లముందే గుట్ట సగం కరిగిపోయింది. డబ్బా రంగును బ్రష్‌తోనే వేయాలి, అది కూడా నీళ్లలో కలిసే రకం.

బారులు తీర్చడం

ఆర్మేనియన్లను ముందు పెట్టాలి. వాళ్ల ముందు వరుస రోమన్ అంచు నుంచి 55 సెం.మీ. దూరంలో ఉంటుంది. గుట్ట పక్కనే కుడి దళం: కాటాఫ్రాక్ట్‌లు 4 ముందు, వాళ్ల వెనక పదాతులు 4, విలుకాళ్లు 1, గుర్రపు విలుకాళ్లు 2. సామాన్ల బేస్‌లు మూడూ గుట్టకు వెనక, పదాతుల పక్కన. మధ్యలో టిగ్రానెస్ దగ్గర కాటాఫ్రాక్ట్ 1, గుర్రపు విలుకాళ్లు 3, పదాతులు 7, విలుకాళ్లు 2. ఎడమ దళానికి గుర్రపు విలుకాళ్లు 5, పదాతులు 4, విలుకాళ్లు 2.

ఇప్పుడు 35 బేస్‌ల మీదా ఒక్కో గుండీ పెట్టండి. గుండీ ఉన్న బేస్ చెదురుగా ఉన్నట్టు, గుండీ లేనిది కుదురుగా ఉన్నట్టు. ఆట మొత్తం ఈ రెండు మాటల మీదే నడుస్తుంది. సామాన్ల బేస్‌లకు గుండీ అక్కర్లేదు, అవి ఎప్పుడూ చెదురే.

రోమన్లు తమ అంచుకూ నదికీ మధ్య ఎక్కడైనా బారులు తీరొచ్చు. గుండీలు లేవు.

ఆట నడిచే తీరు

ఒక్కో రౌండ్‌లో ముందు రోమన్లు, తర్వాత ఆర్మేనియన్లు. ఎవరి వంతులో వాళ్లు ముందు కదలాలి, తర్వాత బాణాలు, ఆ తర్వాత తాకిన చోటల్లా పోరు. మొత్తం 10 రౌండ్లు.

రోమన్ ఆటగాడు పాచిక వేసి, వచ్చినదానికి 2 కలిపి, ఎంత వస్తే అన్ని గుంపుల్నే కదపొచ్చు. పక్కపక్కన ఆనుకుని ఉన్న బేస్‌లన్నీ కలిపి ఒక గుంపు.

ఆర్మేనియా ఆటగాడికి మొదట ఆ వెసులుబాటు లేదు. తన వంతు మొదలవగానే టాక్సిలెస్ పాచిక వేయాలి. టిగ్రానెస్‌కు కళ్లు తెరుచుకున్నాయా లేదా అన్నది అది చెబుతుంది. మొదటి రౌండ్‌లో 6 పడితేనే తెరుచుకున్నట్టు. రెండో రౌండ్‌లో 5 లేదా 6, మూడో రౌండ్‌లో 4 నుంచి పైకి, ఇలా రౌండుకో అంకె తగ్గుతుంది. అప్పటి దాకా ఒక్క బేస్ కూడా కదలదు, ఒక్క గుండీ కూడా తీయకూడదు. రోమన్లు పారిపోతున్నారని రాజుగారు నవ్వుకుంటున్నారు కాబట్టి. రోమన్ బేస్ ఏదైనా 10 సెం.మీ. దగ్గరికి వస్తే మాత్రం పాచికతో పని లేకుండా మెలకువ వచ్చేస్తుంది. మూడో రౌండ్ పూర్తయ్యేలోపు కళ్లు తెరుచుకునే అవకాశం నూటికి 72 దాకా ఉంటుంది. ఊరికే కూర్చుని చూడటం ఆర్మేనియా ఆటగాడికి మహా చిరాకు. ఆ చిరాకే కావాలి.

మెలకువ వచ్చాక ప్రతి వంతులో మూడు దళాలకూ విడివిడిగా ఒక్కో పాచిక వేస్తాడు. ఒక్కో పాయింటుతో ఒక గుండీ తీయొచ్చు, లేదా కుదురుగా ఉన్న ఒక గుంపును కదపొచ్చు, లేదా చెదురుగా ఉన్న ఒక్క బేస్‌ను సగం దూరం జరపొచ్చు. చెదురుగా ఉన్నది తనంతట తాను శత్రువును తాకడానికి వీల్లేదు. అంటే ప్రతిసారీ అదే సందేహం: సర్దుకోనా, కదలనా? ఒక దళం పాయింట్లు ఇంకో దళానికి చెల్లవు.

నడక: లీజియన్ 10 సెం.మీ., ఆర్మేనియా పదాతులు 8, ఇద్దరి విలుకాళ్లూ 10, కాటాఫ్రాక్ట్‌లు 12, రోమన్ గుర్రాలు 18, గుర్రపు విలుకాళ్లు 20. గుట్టెక్కేటప్పుడు గుర్రాలకు సగం. రోమన్లు శత్రువుకు 20 సెం.మీ. కంటే దూరంగా ఉన్నంతవరకు, ఒకరి వెనక ఒకరుగా నడిస్తే రెట్టింపు దూరం వెళ్లొచ్చు. లుకుల్లస్ ఆ రోజు నడిచింది అలాగే.

బాణాలు 15 సెం.మీ. వెళతాయి. పాచిక వేయండి. లీజియన్ మీదైనా కాటాఫ్రాక్ట్ మీదైనా 6 పడితేనే దెబ్బ, మిగతావాళ్ల మీద 5 లేదా 6. దెబ్బ తగిలితే ఒక గుండీ. చెదిరిన రోమన్ బేస్ తన వంతులో శత్రువును తాకకుండా ఉంటే 3 నుంచి పైకి వేసి గుండీ తీసేసుకోవచ్చు.

పోరు

తాకిన రెండు బేస్‌లకూ చెరో పాచిక. దానికి ఆయా బలం కలపండి: లీజియన్ 4, కాటాఫ్రాక్ట్ 4, రోమన్ గుర్రం 3, ఆర్మేనియా పదాతి 2, గుర్రపు విలుకాడు 2, మిగతా విలుకాళ్లు 1. తర్వాత సవరింపులు: చెదురుగా ఉంటే 2 తీసేయాలి. ఎత్తు మీద నుంచి దిగి కొడితే 1 కలపాలి. పక్క నుంచో వెనక నుంచో కొట్టినవాడికి 2 కలపాలి. కుదురుగా ఉన్న కాటాఫ్రాక్ట్ చదును నేల మీద తానే దూకితే 2 కలపాలి. కాటాఫ్రాక్ట్ నిలబడి ఉన్నప్పుడు ఎదుటివాడు వచ్చి కొడితే కాటాఫ్రాక్ట్‌కు 1 తీసేయాలి.

ఈ చివరి రెండు అంకెల కోసం నేను చాలా సాయంత్రాలు ఖర్చుపెట్టాను. లెక్క చూడండి. కుదురుగా ఉన్న కాటాఫ్రాక్ట్ మైదానంలో లీజియన్ మీదికి దూకితే 6కు 4. రెండు పాచికలు 36 రకాలుగా పడొచ్చు, అందులో 26 సార్లు గెలుపు గుర్రానిదే. అదే కాటాఫ్రాక్ట్ చెదురుగా నిలబడి ఉండగా లీజియన్ గుట్ట మీద నుంచి దిగి ఎదురుగా కొడితే 5కు 1. అప్పుడు 36లో ఒక్కసారే గుర్రం గెలుస్తుంది, రెండుసార్లు సమానం. బొమ్మ అదే, కవచం అదే, బల్లెం అదే. మారింది గుండీ, నిలబడ్డ చోటు. నా మొదటి ఆటలో లేనిది ఇదే.

ఫలితం: సమానమైతే ఏమీ లేదు. ఒకటి రెండు తేడాతో ఓడితే 4 సెం.మీ. వెనక్కి, ఒక గుండీ. మూడు, అంతకంటే ఎక్కువ తేడా అయితే పరుగే. పారిపోయే బేస్ సొంత అంచు వైపు వెంటనే 15 సెం.మీ., ఆ తర్వాత ప్రతి వంతులోనూ మరో 15 పరుగెత్తి, టేబుల్ దాటితే ఆట నుంచి పోతుంది. లుకుల్లస్ 10 సెం.మీ. లోపు ఉంటే పారిపోయే రోమన్ బేస్ 4 నుంచి పైకి వేసి ఆగొచ్చు. ఆర్మేనియన్లకు ఆగడం లేదు.

తొక్కిసలాట

ఈ ఒక్క రూల్‌లో పొరబడితే ఆట మొత్తం వృథా, కాబట్టి రెండుసార్లు చదవండి. పారిపోయే బేస్ దారిలో సొంతవాళ్లు ఎవరు అడ్డొచ్చినా చుట్టు తిరిగి వెళ్లదు, వాళ్ల మధ్య నుంచే దూసుకుపోతుంది. అది తగిలిన బేస్ కుదురుగా ఉంటే చెదురవుతుంది. అప్పటికే చెదురుగా ఉంటే పాచిక వేయాలి, 1 నుంచి 3 పడితే అది కూడా పరుగు అందుకుంటుంది. అది మళ్లీ ఎవరికి తగిలితే వాళ్లకూ ఇంతే. సామాన్ల బేస్‌కు పాచిక లేదు. శత్రువు తాకినా, సొంతవాళ్లు తగిలినా పరుగే. అది సొంత అంచు వైపు కాకుండా దగ్గరలో ఉన్న సొంత పదాతుల మీదికే పోతుంది. అప్పియన్ కథలో తొక్కిసలాట మొదలైంది ఈ మూటల గాడిదలతోనే. లుకుల్లస్ గుట్ట వెనక నుంచి దిగి వాటినే తరిమాడట.

ఒకసారి మా ఆటలో ఒక్క కాటాఫ్రాక్ట్ పరుగుకు తొమ్మిది బేస్‌లు లేచిపోయాయి. వేసినవాడు పాచిక కింద పెట్టి కాసేపు మాట్లాడలేదు.

రోమన్ గుర్రాలకు ఒక చిన్న సదుపాయం ఉంది. ఎదుటివాళ్లను తాకాక, పోరుకు ముందే కావాలని 10 సెం.మీ. వెనక్కి తగ్గొచ్చు. అలా తగ్గితే ఎదురుగా ఉన్న ఆర్మేనియా గుర్రాలు పాచిక వేయాలి. 1 నుంచి 3 పడితే వెంటపడి తీరాలి, వెంటపడ్డది చెదురవుతుంది. ఇది కూడా అప్పియన్ చెప్పిన ఎత్తే.

ఎవరు గెలిచినట్టు?

మన పులి-మేక ఆట గుర్తుంది కదా, మూడు పులులు, పదిహేను మేకలు. పులి గెలవాలంటే మేకల్ని తినాలి. మేక గెలవాలంటే పులిని కదలనివ్వకూడదు. రెండు వైపులా గెలుపు ఒకటే కాదు కాబట్టే ఆ ఆట ఎంత ఆడినా పాతబడదు. ఇక్కడ కూడా అదే వాడండి. ఆర్మేనియన్లలో 18 బేస్‌లు పారిపోతున్నా, టేబుల్ దాటినా రోమన్లు గెలిచినట్టు. సామాన్లు ఈ లెక్కలోకి రావు. రోమన్లవి 5 పోతే ఆర్మేనియన్లు గెలిచినట్టు. పది రౌండ్లు అయినా ఎవరూ ఓడకపోతే గెలుపు టిగ్రానెస్‌దే. ఎందుకంటే నగరం దగ్గర మురేనా 6,000 మందితో ఎక్కువసేపు నిలవలేడు. ఈ గడువు లేకపోతే రోమన్ ఆటగాడు నది ఒడ్డునే కూర్చుంటాడు.

టిగ్రానెస్ కిరీటానికి చిన్న రంగు పూస ఒకటి పెట్టుకోండి. పారిపోతూ అతను కిరీటం కొడుక్కి ఇచ్చేశాడని, ధైర్యం చాలక ఆ కొడుకు దాన్ని నమ్మిన బంటు చేతిలో పెట్టాడని, చివరికి ఆ బంటు పట్టుబడి అది లుకుల్లస్ దగ్గరికే చేరిందని ప్లూటార్క్ రాశాడు. ఆటలో రాజు ఒకసారి పూసను వేరే బేస్‌కు ఇవ్వొచ్చు. రోమన్లు పూసను పట్టుకుంటే వాళ్లకు కావలసిన 18 కాస్తా 16 అవుతుంది.

ఎత్తులు

రోమన్ల వైపు కూర్చుంటే మొదటి రెండు రౌండ్లు మీవి, వాటిని పోగొట్టుకోకండి. రెండు లీజియన్ బేస్‌లను వేరు చేసి, ఒకరి వెనక ఒకరుగా పెట్టి, నేరుగా గుట్ట మీదికి పంపండి. గుర్రాలతో కాటాఫ్రాక్ట్‌లను ఊరిస్తూ ఉండండి. మిగతా పదీ మధ్యలో నెమ్మదిగా రావాలి. అవి పోరాడటానికి కాదు, ఎదుటివాడి పాయింట్లు మధ్యలో ఖర్చయ్యేలా చూడటానికి. ఎడమ దళం గుర్రపు విలుకాళ్లు చుట్టు తిరిగి వస్తారు, వాళ్ల కోసం రెండు బేస్‌లు వెనక్కి తిప్పి ఉంచండి.

ఆర్మేనియా వైపు కూర్చుంటే మెలకువ రాగానే అందరూ చేసే తప్పు కాటాఫ్రాక్ట్‌లను ముందుకు ఉరికించాలని చూడటం. నా సలహా వేరు. మొదటి పాయింట్లు కాటాఫ్రాక్ట్‌ల వెనక నిలబడ్డ పదాతుల గుండీలు తీయడానికి వాడండి. కుదురుగా ఉన్న పదాతి తొక్కిసలాటను ఒకసారి తట్టుకుంటాడు. ఆ తర్వాత సామాన్లను గుట్ట దగ్గర నుంచి లాగేయండి. గుర్రాలు చివరికి.

మనుషులు ఎక్కువ ఉంటే ఇంకా మజా. ఆర్మేనియా వైపు ముగ్గురిని కూర్చోబెట్టి, దళానికొకరిని ఇచ్చి, ఆట మొదలయ్యాక ఒకరితో ఒకరు మాట్లాడకూడదని షరతు పెట్టండి. టిగ్రానెస్ ఆడేవాడు రౌండుకు ఒక్క చీటీ రాయొచ్చు, నాలుగు మాటలకు మించకుండా. మొదటి చీటీ చేరేసరికే పరిస్థితి మారిపోయి ఉంటుంది. ఒకసారి మీడియా రాజుకు అందిన చీటీలో "కదలకు, సర్దుకో" అని ఉంది. అప్పటికే అతని గుర్రాలు సగం టేబుల్ దాటిపోయాయి.

ఇది నాలుగైదుసార్లు ఆడాక, మరుసటి ఏడు క్రీ.పూ. 68లో ఆర్మేనియా పాత రాజధాని అర్టక్సాటాకు వెళ్లే దారిలో అర్సనియాస్ నది దగ్గర జరిగిన పోరు వేసుకోవచ్చు. అక్కడ లుకుల్లస్ 12 కోహోర్ట్‌లను ముందు నడిపించి నది దాటాడు. ఎదురుగా ముందు వరుసలో మార్డీ జాతి గుర్రపు విలుకాళ్లు, ఐబీరియా బల్లెపు రౌతులు ఉన్నారు. ఈ ఐబీరియా స్పెయిన్ కాదు, కాకసస్ పర్వతాల దగ్గరిది. అదే టేబుల్, గుట్ట తీసేయండి, నదిని మధ్యకు జరపండి. ఈసారి గుండీలు అన్నిటి మీదా వద్దు, వెనక వరుసల మీద మాత్రమే పెట్టండి. ముందున్న మార్డీలు, ఐబీరియన్లు ఆ రోజు సిద్ధంగానే ఉన్నారు.